గాలికి ఎగరని బంతి

చరిత్ర అనగానే మనకు కోటలూ, శాసనాలూ, రాజుల పేర్లూ గుర్తుకొస్తాయి. మా నల్లగొండకు వాటికేం కొదవ లేదు. ఒక పక్క లతీఫ్ సాహెబ్ గుట్ట, ఇంకో పక్క కాపురాల గుట్ట, కాస్త దూరం పోతే పానగల్లు గుళ్ళు. చుట్టాలెవరైనా వస్తే మనమూ వాళ్ళను అక్కడికే తీసుకువెళ్ళి, ఫోటోలు తీయించి, ఊరంతా చూపించామని తృప్తి పడతాం. కాని నన్నడిగితే, ఊరి చరిత్ర తెలుసుకోవాలంటే ముందు దుకాణాలు చూడాలంటాను. ఏ సరుకు ఎప్పుడొచ్చింది, ఎవరికోసం వచ్చింది, ఎప్పుడు మాయమైంది అన్న ఈ మూడు ముక్కలూ తెలిస్తే ఊరు ఎలా బతికిందో, ఎవర్ని బతకనిచ్చిందో తెలిసిపోతుంది.

బట్టల దుకాణం గురించీ, బంగారం దుకాణం గురించీ మన ఆడవాళ్ళకు ఒకరు చెప్పాలా? అందుకే మనం అరుదుగా గడప తొక్కే దుకాణం ఒకటి ఎంచుకున్నాను. అది బ్యాట్ల దుకాణం.

నల్లగొండ, పాలమూరు లాంటి ఊళ్ళలో కేవలం ఆటవస్తువులే పెట్టుకుని ఒక మనిషి సంసారం ఈదటం ఈమధ్య కాలపు ముచ్చట. ఇదివరకు పుస్తకాల దుకాణంలోనే ఒక మూల వాటికి చోటుండేది. కింద నోటు పుస్తకాలు, ఇంకు సీసాలు, అట్టల మీద వేసుకునే ఖాకీ కాగితం చుట్టలు, పైన దండేనికి వేలాడే నాలుగు బ్యాట్లు. జూన్ నెలంతా దుకాణదారు బ్యాట్ల వంక తలెత్తి చూసేవాడు కాదు. బడుల మధ్య ఆటల పోటీలు మొదలయ్యాకే వాటి దుమ్ము దులిపేవాడు. పాలమూరుకు సికిందరాబాదు, కర్నూలు రైలు మార్గం ఎప్పటినుంచో ఉంది. మా నల్లగొండకు రైలు చాలా ఆలస్యంగా వచ్చింది. కాబట్టి మా బ్యాట్ల కట్టలు హైదరాబాదు నుంచి బస్సు టాపు మీద, కూరగాయల గంపల పక్కన కూర్చుని వచ్చేవి.

ఈ బ్యాట్లు మా ప్రాంతానికి మొదట వచ్చింది మనకోసం కాదు. నైజాం జమానాలో జిల్లా కేంద్రమంటే ఒక కచేరీ, ఒక జైలు, ఒక ఆఫీసర్ల క్లబ్బు. ఆ క్లబ్బులో టెన్నిస్ కోర్టు. సాయంత్రం అయిదయ్యేసరికి తెల్ల లాగులు తొడుక్కున్న హాకిములు ఆడుతుంటే, బంతులేరే పిల్లవాడొకడు అటూ ఇటూ పరుగెత్తేవాడు. ఆట నిజంగా వచ్చింది ఆ పిల్లవాడికే అని మా పెద్దవాళ్ళు నవ్వేవారు. హైదరాబాదు రాజ్యంలో టెన్నిస్ ఉత్త సరదాగానే మిగిలిపోలేదు. సయ్యద్ మహమ్మద్ హాదీ అనే హైదరాబాదీ 1924లో పారిస్ ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున టెన్నిస్ ఆడాడు. ఆయనే 1934-35లో మొదలైన రంజీ క్రికెట్ పోటీల్లో మొట్టమొదటి సెంచరీ కూడా కొట్టాడు. ఏ ఆట చేతికిస్తే ఆ ఆట ఆడేవాడు గనుక ఆయన్ను ‘రెయిన్‌బో’ హాదీ అనేవారు.

మరి ఆడవాళ్ళో? అదే పారిస్ ఒలింపిక్స్‌లో భారతదేశం పేరు మీద నోరా పాలీ అనే ఆవిడ టెన్నిస్ ఆడింది. పదేళ్ళ తర్వాత, 1934లో, లీలా రావు వింబుల్డన్‌లో ఒక మ్యాచి గెలిచింది. అక్కడ అలా గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. ఆ అమ్మాయికి ఆట ఎక్కడినుంచి వచ్చిందనుకున్నారు? తల్లి దగ్గర్నుంచి. ఆ తల్లి ఎవరో కాదు, సంస్కృతంలో కావ్యాలు రాసిన పండిత క్షమా రావు. ఒక చేత్తో శ్లోకం, ఒక చేత్తో రాకెట్టు! చదువుకున్న ఆడదానికి ఆటలెందుకు అనేవాళ్ళకూ, ఆటలాడే ఆడదానికి చదువెక్కడ అనేవాళ్ళకూ ఆవిడొక్కతే సమాధానం. కాని అవన్నీ బొంబాయి ముచ్చట్లు. మా వైపు ఆడపిల్లకు క్లబ్బు గోడ అవతల ‘ఠక్, ఠక్’మనే చప్పుడు వినబడటమే ఆట.

ఆ గోడ దూకి మా బడుల్లోకి వచ్చిన బ్యాటు టెన్నిస్ బ్యాటు కాదు. అది బాల్ బ్యాడ్మింటన్ బ్యాటు. మీలో చాలామందికి ఆ ఆట గుర్తుండే ఉంటుంది. పసుపుపచ్చని ఊలు బంతి, ఆరడుగుల ఎత్తున నెట్టు, ఇటు అయిదుగురు, అటు అయిదుగురు. బంతి నేలను తాకకుండా కొట్టాలి. అప్పట్లో 29 పాయింట్లకు ఒక గేము. కోర్టు 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు. కొలతలు వినడానికి పెద్దగా ఉన్నాయిగాని, నిజానికి చదునైన నేల, రెండు గుంజలు, ఒక సంచెడు సున్నం ఉంటే చాలు, కోర్టు తయారు. సున్నం లేకపోతే ముగ్గుపిండి. ముగ్గు వేయడం వచ్చిన చేతికి గీత వంకర పోదు గనుక, ఆ పని ఎప్పుడూ ఆడపిల్లలదే!

ఈ ఆట పుట్టిల్లు తంజావూరు. 1856 ప్రాంతంలో అక్కడి రాజకుటుంబం వాళ్ళు ఆడేవారని చెబుతారు. ఆ కాలంలోనే పూనాలోనూ, ఇతర దండు ఊళ్ళలోనూ ఇంగ్లీషువాళ్ళు ఈకల బంతితో ఆడేవారు. మనం ఇప్పుడు షటిల్ అంటున్నది దాన్నే. ఇంగ్లండులో బ్యాడ్మింటన్ అనే భవంతి పేరు దానికి అంటుకుంది. 1893లో అక్కడ సంఘమే పెట్టుకున్నారు. 1899లో ఆల్ ఇంగ్లండ్ పోటీలు మొదలుపెట్టారు. కాని మన దేశంలో వాళ్ళకో చిక్కొచ్చిపడింది. ఆరుబయట ఆడితే ఈకల బంతిని గాలి ఎగరేసుకుపోయేది. అందుకని గాలి రోజుల్లో ఈకల బంతి పక్కన పెట్టి ఊలుబంతి తీసుకునేవారు. గాలి లేచినప్పుడల్లా ఊలు, గాలి పడినప్పుడల్లా ఈక. ఈ చిన్న విషయం కాస్త జ్ఞాపకం ఉంచుకోండి. మనం చెప్పుకుంటున్న కథంతా ఈ గాలి మీదే నడుస్తుంది.

మా నేల మెట్టనేల. రాళ్ళ గుట్టలు, విరివిగా ఖాళీ జాగా, ఆషాఢం వచ్చిందంటే ఆరేసిన చీర దండెం మీద నిలవనివ్వని గాలి. ఇలాంటిచోట ఊలుబంతి కాకపోతే ఇంకేం ఆడతారు? బంతి బరువు 27 నుంచి 30 గ్రాములు. షటిల్ బరువు అయిదు గ్రాముల చిల్లర. అయిదింతలకు పైగా బరువున్న బంతి గాలికి లొంగదు. ఖర్చా అంటే, ఒక బంతి కొంటే పదిమంది పిల్లలు వారం పది రోజులు ఆడొచ్చు. ఊలు చివికితే ఆడపిల్లలే స్వెటర్ల ఊలుతో చుట్టి, సూదితో కుట్టి మరో నాలుగు రోజులు లాగించేవారు. పోటీల్లో ఆ బంతి చెల్లదుగాని, ఆనందానికి చెల్లేది.

ఈ ఆటకు అఖిల భారత సంఘం 1954లో ఏర్పడింది. దక్షిణాదిలో, ముఖ్యంగా తెలుగువాళ్ళలో ఇది ఇంటి ఆటయిపోయింది. జమ్మలమడక పిచ్చయ్యగారి పేరు ఆ తరంలో వినని బడి లేదు. కృష్ణా జిల్లా కూచిపూడిలో పుట్టి, ఆజంజాహీ మిల్లు ఉన్న వరంగల్లుకు వచ్చి స్థిరపడ్డ మనిషి. 1970లో ఆయనకు అర్జున అవార్డు వచ్చింది. బాల్ బ్యాడ్మింటన్‌లో ఆ గౌరవం అందుకున్న మొదటివాడు ఆయనే. నూరేళ్ళు దాటి బతికి 2021 డిసెంబరులో కన్నుమూశారు. ఆయన కళ్ళముందే ఆట పెరిగింది, ఆయన కళ్ళముందే సన్నగిల్లింది.

ఇక దుకాణంలోకి వద్దాం. దండేనికి వేలాడే ఆ బ్యాటు ఎక్కడిది? చాలావాటి మీద జలంధర్ అనో, మీరట్ అనో ముద్ర ఉండేది. అదీ ఒక కథే. 1947కు ముందు మన దేశంలో ఆటవస్తువుల తయారీకి పేరుపడ్డ ఊరు సియాల్‌కోట్. దేశ విభజనలో ఆ ఊరు పాకిస్తానుకు పోయింది. అక్కడి హిందూ, సిక్కు పనివాళ్ళు కట్టుబట్టలతో సరిహద్దు దాటి జలంధర్‌లో కొందరు, మీరట్‌లో కొందరు మళ్ళీ పనిముట్లు పట్టుకున్నారు. ఇల్లు పోయినా చేతిలో పని ఉంది కదా! మా నల్లగొండ పిల్ల నాలుగు పాయింట్లు గెలిచిందంటే, ఆ బ్యాటు వెనక ఊరొదిలి వచ్చిన ఎవరో ఒక వడ్రంగి చెమట ఉంది. షటిళ్ళ కథా ఇలాంటిదే. బెంగాలులో హౌరా దగ్గర ఉలుబేరియా చుట్టుపక్కల బాతు ఈకలతో ఇళ్ళల్లోనే షటిళ్ళు కట్టే పరిశ్రమ ఉంది. ఒక్కో షటిల్‌కు పదహారు ఈకలు. అన్నీ పక్షి ఒకే వైపు రెక్కవి కావాలి, లేకపోతే బంతి సరిగా తిరగదు. ఏరడం, కడగడం, కత్తిరించడం, కట్టడం, ఇంత ఓపిక పని ఎవరు చేస్తారో నేను వేరే చెప్పాలా?

దుకాణంలో చూడదగ్గ పని మరొకటుంది, గట్టింగు. తెగిన బ్యాటుకు కొత్త తీగ అల్లడాన్ని అలా అంటారు. ఇనుప ముల్లుతో బెజ్జంలో తీగ జారకుండా బిగించి, ముందు నిలువు తీగలన్నీ లాగి, తర్వాత అడ్డం తీగల్ని ఒకదాని కిందుగా, ఒకదాని మీదుగా దూర్చుకుంటూ పోతారు. చూస్తూ నిలబడితే మగ్గం ముందు నిలబడ్డట్టే ఉంటుంది. నిలువుది పడుగు, అడ్డంది పేక. పోచంపల్లి ఒకప్పుడు మా నల్లగొండ జిల్లాలోది. గద్వాల పాలమూరు జిల్లాలోది. 2016లో జిల్లాలు విడదీశాక అవి వేరే జిల్లాల్లోకి వెళ్ళాయిగాని, నేత మాత్రం మా నేల మీదిదే. పడుగూ పేకా తెలిసిన ఊళ్ళలో గట్టింగు చేసేవాడు దొరకడం వింతేం కాదు.

పాతరోజుల్లో ఆ తీగను ‘క్యాట్ గట్’ అనేవారు. పేరులో పిల్లి ఉన్నా పిల్లికీ దానికీ సంబంధం లేదు. గొర్రెల, పశువుల పేగులతో చేసేవారు. ఈ సంగతి తెలిస్తే ఆ కాలపు బామ్మలు బ్యాటును వంటింటి గడప దాటనిచ్చేవారా! పైగా వానాకాలం వస్తే ఆ తీగ చెమ్మ పీల్చి పుటుక్కుమనేది. కర్ర బ్యాటయితే ఒంగిపోయేది. అందుకే దాన్ని నాలుగు మూలలా మరలున్న చెక్క చట్రంలో బిగించి పెట్టేవారు. తర్వాత నైలాన్ వచ్చింది. మన నైలాన్ చీరలూ, బ్యాట్ల నైలాన్ తీగలూ ఇంచుమించు ఒకే కాలంలో ఊళ్ళోకి దిగాయి. తడిస్తే పాడవదు, చవక, ఉతికితే వెంటనే ఆరుతుంది అని మనం చీరను మెచ్చుకున్నట్టే, ఆటగాళ్ళు తీగను మెచ్చుకున్నారు. బ్యాటూ మారింది. కర్ర పోయి ఇనుప కాడ, అది పోయి అల్యూమినియం, అదీ పోయి గ్రాఫైటు. వింబుల్డన్‌లో కర్ర రాకెట్టు ఆఖరిసారి కనబడింది 1987లో అంటారు. ఇప్పటి షటిల్ బ్యాటు ఎనభై, తొంభై గ్రాములకు మించదు. గరిటె కన్నా తేలిక! ఇక ఆడలేక మద్దెల ఓడు అనడానికి కూడా వీల్లేదు.

మా ఊరి గట్టింగు మనిషి ఒకసారి నాతో అన్న మాట చెప్పకుండా ఉండలేను. ఏళ్ళ తరబడి తీగ లాగి వేళ్ళు కాయలు కాసిన పెద్దాయన. ఎవరి బ్యాట్లు ఎక్కువగా వస్తాయని మాటవరసకు అడిగాను.

“మొగపిల్లలయి కట్టె ఇరిగేదాంక వస్తయమ్మా. ఆడపిల్లలయి రెండుసార్లే వస్తయి. మూడోసారి రావు” అన్నాడు.

“అదేం? వాళ్ళు జాగ్రత్తగా ఆడతారనా?” అన్నాను.

ఆయన తలెత్తలేదు. “ఏడో తరగతి దాంక ఆడుతరు. ఎనిమిదిల ఇంట్ల కూసుంటరు. ఇగ గ్రౌండుకు ఎవరు తోలుతరమ్మా? బ్యాటు మంచిగనే ఉంటది. తమ్మునికిస్తరు” అన్నాడు.

నేను చదివిన ఏ చరిత్ర పుస్తకమూ ఇంత పొదుపుగా ఇంత సంగతి చెప్పలేదు. లెక్క ఎవరూ రాయలేదు, రిజిస్టరు లేదు. తీగ లాగే మనిషి వేళ్ళకు మాత్రం తెలుసు, మా ఊరి ఆడపిల్ల ఆట ఏ వయసులో తెగిపోతుందో. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉందన్నట్టు, బ్యాటుంది, బంతుంది, బయలుంది. పంపే మనసు దగ్గరే గట్టింగు తెగింది.

ఇప్పుడు మళ్ళీ గాలి దగ్గరకు వద్దాం. 1980లో ప్రకాశ్ పదుకొనే ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. దేశమంతటా షటిల్ మీద మోజు పుట్టింది. 1992లో బార్సిలోనాలో షటిల్ ఒలింపిక్స్‌లో చేరింది. ఊలుబంతికి ఆ యోగం పట్టలేదు. ఒలింపిక్స్‌లో ఉన్న ఆటకే డబ్బు, ఉద్యోగం, పేరు. బడులూ నెమ్మదిగా అటే మొగ్గాయి. 2001లో మన పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచేసరికి మొగ్గు కాస్తా వరదయింది. దుకాణంలో పసుపుపచ్చ ఊలుబంతి డబ్బా పై అరలోకి పోయింది, షటిళ్ళ గొట్టం కింది అరలోకి దిగింది.

కాని ఈకల బంతికి గాలి పడదు కదా! ఊలుబంతికి నేల చాలు. ఈకబంతికి కప్పు కావాలి, నాలుగు గోడలు కావాలి, ఎత్తయిన హాలు కావాలి. ఆ హాళ్ళు ఎక్కడున్నాయి? హైదరాబాదులో. ఫతే మైదానంలోని లాల్ బహదూర్ స్టేడియంలో ఆరిఫ్‌గారి లాంటి గురువులు తెల్లవారకముందే పిల్లల్ని నిలబెట్టి నేర్పారు. ఆ తర్వాత 2008లో గచ్చిబౌలిలో గోపీచంద్ అకాడమీ వచ్చింది. ఆట బయలు నుంచి హాలులోకి, అంటే మా మెట్ట ఊళ్ళ నుంచి రాజధానికి వలసపోయింది. పాలమూరు మనుషులు పొట్ట చేతపట్టుకుని ఊరూరా ఆనకట్టలూ మేడలూ కట్టడానికి వలసపోయిన సంగతి లోకానికి తెలుసు. ఆట కూడా అదే దారి పట్టిందని ఎవరూ అనుకోలేదు.

ఇక్కడే నాకు ఎటూ తేల్చుకోలేని చిక్కొకటుంది. ఊలుబంతి మన ఆడపిల్లలకు నేలనిచ్చింది, పేరివ్వలేదు. ఆ ఆటకు వచ్చిన అర్జున అవార్డులు మగవాళ్ళకే దక్కాయి. ఈకబంతి మా ఊళ్ళ నేలను లాక్కుందిగాని, ఆడపిల్లకు పేరిచ్చింది. 1962లోనే మీనా షాకు షటిల్‌లో అర్జున అవార్డు వచ్చింది. 2012 లండన్‌లో సైనా నెహ్వాల్‌కు కంచు పతకం. 2016 రియోలో మన పి.వి. సింధుకు వెండి, 2019లో ప్రపంచ చాంపియన్ పట్టం, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మళ్ళీ కంచు. రియో ఫైనల్ నాడు మా వీధిలో వంటలు ఆలస్యమయ్యాయి. మగవాళ్ళు అడగలేదు, వాళ్ళూ టీవీ ముందే ఉన్నారు.

అయితే ఆ పతకాల వెనక ఏముందో కూడా చూడాలి. సైనా తల్లి ఉషారాణి స్వయంగా హర్యానాలో బ్యాడ్మింటన్ ఆడిన మనిషి. తండ్రి రాజేంద్రనగర్ నుంచి తెల్లవారుజామున స్కూటరు మీద స్టేడియానికి తీసుకువెళ్ళేవాడు. వెనక కూర్చున్న పిల్ల నిద్రలో జారిపోతుందేమోనని తల్లి కూడా బండెక్కి పట్టుకు కూర్చునేదట. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ ఆడినవాళ్ళు. ఆ పిల్ల ఆటకోసం రోజుకు యాభై కిలోమీటర్లకు పైగా తిరిగింది. అంటే మైదానం దాకా తోడు వెళ్ళిన అమ్మానాన్నలుంటే, ఎనిమిదో తరగతిలో బ్యాటు తమ్ముడి చేతికి పోదన్నమాట. యాభై కిలోమీటర్లు తిప్పిన తల్లిదండ్రులున్నారు. మా ఊళ్ళో అయిదు వందల గజాల దూరంలోని బడి మైదానానికి పంపలేనివారూ ఉన్నారు. దూరాన్ని కొలిచే బద్ద నేల మీద లేదు, మన మనసులో ఉంది.

కాలం ఆగదు గనుక దుకాణమూ మారింది. ఇప్పుడు జిల్లా కేంద్రాల్లో కూడా గంటకింత అని అద్దెకిచ్చే షటిల్ హాళ్ళు లేచాయి. కింద పచ్చని మ్యాటు, పైన రేకుల కప్పు, పొద్దున్నే బూట్లు తొడుక్కున్న ఉద్యోగస్తులు. గట్టింగు మర మీద జరుగుతోంది, బిగువు ఎంతో అంకెల్లో చూపిస్తుంది. ఈకల షటిళ్ళ ధర మాత్రం ఈమధ్య బాగా పెరిగింది. గొట్టం కొనాలంటే ఇంటి ఖర్చు లెక్క చూసుకోవాలి. గంట అద్దె కట్టగలిగిన ఇంటి పిల్లకు కప్పు దొరికింది. కట్టలేని ఇంటి పిల్లకు ఊలుబంతి కూడా పై అరలోకి పోయింది. నా బాధల్లా ఆ రెండో పిల్ల గురించే.

అందుకని ఊలుబంతిని మ్యూజియంలో పెట్టి దండ వేయమని నేననను. ఈకబంతి మీద కోపమూ లేదు. పతకం తెచ్చిన చేతిని ఎవరు కాదంటారు? కాని బడికి కప్పున్న హాలు వచ్చేదాకా ఆడపిల్ల కూర్చుని ఎదురుచూడాలా? గాలికి ఎగరని బంతి ఒకటి మన దగ్గరుందని, ముగ్గుపిండి గీతతో కోర్టు తయారవుతుందని ఒకప్పుడు మన ఊళ్ళకు తెలుసు. రాష్ట్రంలో ఇప్పటికీ ఆ ఆట ఆడే బడులున్నాయి, పోటీలూ జరుగుతున్నాయి. హాలు కట్టడం సర్కారు పని. గీత గీయడం మన చేతిలో పని.

ఈసారి పిల్లల నోటు పుస్తకాలకు దుకాణానికి వెళ్ళినప్పుడు, ఒక్కసారి తలెత్తి ఆ దండెం వంక చూడండి. పక్కన గట్టింగు చేసే మనిషుంటే ఒక్క ప్రశ్న అడగండి: మన ఊరి ఆడపిల్లల బ్యాట్లు మూడోసారి వస్తున్నాయా అని. వస్తున్నాయంటే మీ ఊరు బాగుపడ్డట్టే. రావడంలేదంటే, మన ఇంట్లోనే అటక మీద మంచి బ్యాటొకటి తీగ తెగి పడుందేమో వెతకాల్సింది మనమే.